నుదుటి మీది బయానా

స్తమెనా ముప్పై ఏళ్లుగా అమ్మింది క్యాసెట్లే అయినా, వాటిని నిజంగా అమ్మిపెట్టింది ఆమె బల్ల కింద ఉండే లౌడ్‌స్పీకరు. వ్రాన్యె ఊరి సంతలో అడుగు పెట్టిన మనిషికి ముందు దాని బాకాలు వినిపించేవి, తరవాత ఎర్ర మిరపకాయలు కాలుతున్న వాసన తగిలేది, మనుషులు కనిపించేది ఆ తరవాతే. పాట చెవిలో పడితే కాలు ఆగుతుంది, కాలు ఆగితే చెయ్యి జేబులోకి పోతుంది. ఈ లెక్క మీదే ఆమె ఇల్లు గడిచింది. మొగుడు స్రెతెన్ పోయాక కూడా గడిచింది.

రెండేళ్లుగా లెక్క తప్పింది. కాళ్లు ఆగుతున్నాయి, చేతులు జేబుల్లోకి పోవడం లేదు. పాట విని, తలూపి, పక్క బల్ల మీద మేజోళ్లు కొనుక్కుని వెళ్లిపోతున్నారు. తన కరెంటుతో పక్కవాడి మేజోళ్లు అమ్ముతున్నానని అర్థం కావడానికి ఆమెకి రెండేళ్లు పట్టడమే ఎక్కువ. అక్టోబరు మొదట్లో ఒకరోజు లౌడ్‌స్పీకరునీ టేపురికార్డరునీ నిష్ పట్నం వెళ్లే బస్సెక్కించి, అక్కడ ఒక టోకు వ్యాపారికి ఇచ్చేసి, బదులుగా పన్నెండు ఎంపీత్రీ ప్లేయర్లు తెచ్చుకుంది. అన్నీ చెప్పుల పెట్టె అంత డబ్బాలో పట్టాయి. తిరుగు ప్రయాణంలో ఆ డబ్బాని ఒళ్లో పెట్టుకుని, మోసపోయానా అని దారి పొడుగునా ఆలోచించింది.

ఆదివారం వంటింటి బల్ల మీద ఒకటి తీసి పరీక్ష చేసింది. అరచేతిలో పెట్టి తూచింది. సిగరెట్టు లైటరు అంత ఉంది, అంత బరువు కూడా లేదు. బరువు లేని వస్తువు మీద ఆమెకి ఎప్పుడూ నమ్మకం లేదు. ఊరూ పేరూ లేని కంపెనీ. చిన్న బ్యాటరీ ఒకటి, గోరంత తెర. తెర మీద పాటల పేర్లు రావలసిన చోట గళ్లు గళ్లుగా ఏవో వస్తున్నాయి. ఒక మీట నొక్కితే మొత్తం చైనా అక్షరాల్లోకి మారిపోయింది, దాన్ని మళ్లీ దారికి తేవడానికి అరగంట పట్టింది. తీగలు ఎండిన సేమ్యాల్లా ఉన్నాయి, శీతాకాలం గడిస్తే గొప్పే. ఇవన్నీ ఒక పక్క రాసుకుంది.

తరవాత ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుంది. డోలు మాత్రం రేకు డబ్బా మీద చెంచాతో కొట్టినట్టు ఉంది, అది నిజం. కానీ పాడుతున్నావిడ రెండో చరణానికి ముందు ఊపిరి పీల్చుకుంది. స్తమెనా ఉలిక్కిపడి వెనక్కి చూసింది. ఆ పాటని ఆమె వేలసార్లు మోగించి ఉంటుంది, ఎన్ని వందల క్యాసెట్లు అమ్మిందో తెలియదు. పాడే మనిషి ఊపిరి తీసుకుంటుందన్న సంగతి ఆమె ఎరగదు. మళ్లీ వెనక్కి తిప్పి ఆ ఊపిరి ఒక్కటే విన్నది. రెండో పక్క ఇది రాసుకుంది. ధర పదిహేను వందల దినార్లు. పేరున్న కంపెనీదైతే అయిదారు రెట్లు పెట్టాలి. ఊపిరి ఉన్న పక్కే మొగ్గింది.

పాటలు ఎక్కించిపెట్టింది ఫొటో స్టూడియో ఆవిడ. స్తమెనా ఆవిడకి బీరువా అడుగునున్న ఒక పాత క్యాసెట్ కూడా ఇచ్చి, దాన్ని నల్ల ప్లేయర్లో మాత్రం ఎక్కించమంది. అది మేజోళ్ల బ్లగోయే పెళ్లినాటి క్యాసెట్. సరుకు దింపకముందే మొదట కొనేవాడు ఎవడో లెక్కేసుకోవడం ఆమె అలవాటు. ఆమె లెక్కలో ఆ మొదటివాడు బ్లగోయే.

సోమవారం పొద్దున ఆ లెక్కని బ్లగోయే నోరే చెడగొట్టింది.

బ్లగోయేది పక్క బల్ల. ఆ పెళ్లికి స్రెతెన్ సాక్షిగా నిలబడ్డాడు. పెళ్లి సాక్షి చుట్టరికం అక్కడ రక్తసంబంధానికి ఒక మెట్టు పైన, అందుకే ఇద్దరి మధ్యా వదినా మరిదీ అన్న పిలుపు. భార్య పెరూనికా ఇంట్లో కూర్చుని అల్లుతుంది, అతను సంతలో అరుస్తాడు. ఆమె వేళ్లు ఆగవు, అతని నోరు ఆగదు, మేజోళ్లు బల్ల పట్టక పొర్లుతుంటాయి. ఆరేళ్లుగా అతని కళ్లు స్తమెనా బల్ల మీద ఉన్నాయి.

"వదినా, లౌడ్‌స్పీకరు ఏది?"

"ఇచ్చేశా."

"ఇచ్చేసి ఇవి తెచ్చావా? ఇవేంటి, పళ్లు కుట్టుకునే పుల్లల డబ్బాలా?"

"పాటలు."

"పాటలైతే వినపడవేం?"

"చెవిలో పెట్టుకుంటే వినపడతాయి. పెట్టుకుని చూడు."

"చెవిలో బిరడా పెట్టుకోవడానికి నేనేమన్నా రకియా సారా సీసానా? నలుగురూ వినని పాట ఒక పాటేనా వదినా? రేపు తలుపేసుకుని ఒక్కడే పెళ్లి చేసుకోమంటావు."

ఎదురుగా బురెక్ రొట్టె కోస్తున్న రాసిమ్ పకపకా నవ్వాడు. ఆ వరసలో నవ్వు ఒక బల్ల దగ్గర మొదలైతే ఆఖరి బల్లదాకా పోతుంది. బ్లగోయేకి ఊపొచ్చింది.

"పందెం వదినా! రెండింటికి సంత ఎత్తేస్తారు. ఆలోపు ఆరు అమ్ము చూద్దాం. అమ్మలేకపోతే ఇటువైపు సగం బల్ల నాది, చలికాలం మొత్తం."

"అమ్మితే?"

"అమ్మితే వసంతం దాకా నీ సరుకు కూడా నేనే కేకేసి అమ్మిపెడతా. పైసా అడగను."

వద్దనడానికి స్తమెనాకి నోరు తెరిచే వీలుంది. కానీ వరసంతా వింటోంది. వద్దంటే తన సరుకు మీద తనకే నమ్మకం లేదని ఒప్పుకున్నట్టు. పందేనికి సరేనంటే సగం బల్ల పోవచ్చు. సగం బల్ల పోయిన మనిషిని ఊరు మర్నాటి నుంచే సగం వ్యాపారిగా చూస్తుంది, మిగతా సగం ఎప్పుడు పోతుందా అని ఎదురుచూస్తుంది. రెండూ తూచి చెయ్యి చాపింది. రాసిమ్ వచ్చి కలిసిన రెండు చేతుల మీదా తన అరచేతిని కత్తిలా దించి విడగొట్టాడు. పందెం ఖాయమైపోయింది. ఇద్దరి చేతులకీ పిండి అంటుకుంది.

తొమ్మిదయింది, పదయింది. బోణీ లేదు. జనం వస్తున్నారు, చూస్తున్నారు, లైటర్లనుకుని ఒకడు నొక్కి చూశాడు, మంట రాలేదని పెట్టేసి వెళ్లాడు. స్తమెనా తన తప్పెక్కడుందో అప్పుడు పట్టుకుంది. మిరపకాయ వాసనతో పిలుస్తుంది, బురెక్ ఆవిరితో పిలుస్తుంది, మేజోళ్లని బ్లగోయే పిలుస్తాడు. ఆమె సరుకు మాత్రం పెదవి విప్పదు. అందరికీ వినిపించి అమ్మడమే తెలిసిన మనిషి ఎవరికీ వినిపించనిదాన్ని అమ్మడానికి కూర్చుంది.

"అయిదు జతలు వంద!" అని అరిచి, బ్లగోయే ఇటు వంగాడు. "బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుంది వదినా?"

"తొమ్మిది. ఏం?"

"ఏం లేదు, ఊరికే."

పదిన్నరకి గ్లిగోరియే వచ్చాడు. రైల్వేలో టిక్కెట్లు చింపి రిటైరైన మనిషి. మిరపకాయలు కాలుతున్న చోట నిలబడి వాసన పీల్చుకుని, ఆ వాసన నంజుకుని ఇంట్లో వట్టి రొట్టె తింటాడని చెప్పుకుంటారు. ప్రతి సోమవారం స్తమెనా బల్ల పక్కనున్న స్తంభానికి ఆనుకుని అరగంట పాటలు ఉచితంగా విని పోవడం అతని ఆచారం. ఆనుకున్నాడు. ఎదురుచూశాడు.

"ఏమే, పాటేదే? ఎవరన్నా పోయారా?"

"పాట లోపలుంది మావా."

"లోపలంటే? ఎవరి లోపల?"

"ముందు చెవి ఇటియ్యి."

ఇయర్‌ఫోన్లు ఆమే పెట్టి, నల్ల ప్లేయరు కాక బూడిదరంగుది తీసి మీట నొక్కింది. గ్లిగోరియే మొహం ముందు అనుమానంగా ముడుచుకుంది. తరవాత కనుబొమలు టోపీ కిందికి పోయాయి.

"ఓహో!" అని అరిచాడు. తన చెవులు పాటతో నిండిపోయాయి కాబట్టి తన గొంతు తనకే వినపడటం లేదు. "బాకా నా పుర్రెలో ఊదుతున్నాడే!"

సంత మొత్తం ఇటు తిరిగింది.

"మావా, మెల్లగా! కోళ్లు బెదిరి గుడ్లు పెట్టేస్తున్నాయి," అన్నాడు బ్లగోయే.

"ఏంటీ?"

"మెల్లగా అంటున్నా!"

"అవును, చాలా బాగుంది!"

అప్పుడు ఎవ్వరూ ఎన్నడూ చూడనిది జరిగింది. గ్లిగోరియే చెయ్యి కోటు లోపలి జేబులోకి వెళ్లింది. వంద దినార్ల నోటు బయటికి వచ్చింది. పెళ్లిలో బాకా మనసుకి తగిలితే నోటు నాలుకకి తడిపి ఊదేవాడి నుదుటికి అంటిస్తారు, వ్రాన్యెలో అది చేతికి పుట్టుకతో వచ్చిన విద్య. గ్లిగోరియే చెయ్యి ఆలోచించలేదు, తడిపేసింది. నోటు పట్టుకుని నుదురు కోసం ఎడంవైపు చూశాడు, కుడివైపు చూశాడు. రాసిమ్ నుదురు దగ్గరగానే ఉంది కానీ వంగి తప్పించుకున్నాడు. బాకా వాయించేవాడు ఎక్కడా లేడు, తన తలలోనే ఉన్నాడు. టప్‌మని తన నుదుటికే అంటించుకుని, కళ్లు మూసుకుని, రాజ్యమేలుతున్నవాడిలా నిలబడ్డాడు.

పాట అయిపోయింది. ఇయర్‌ఫోన్లు తీశాడు. నోటు పీకి జేబులో పెట్టుకోబోయాడు.

"అదేంటి మావా, బాకాకి ఇచ్చింది వెనక్కి తీసుకుంటున్నావు?" అంది స్తమెనా.

"బాకాకి ఎక్కడిచ్చానే? నా జేబులోంచి నా నుదుటికి వచ్చింది. నా నుదుటి నుంచి నా జేబుకి పోతుంది. వెళ్లిన పట్టాల మీదే రైలు తిరిగొస్తుంది."

"ఊదేవాడి నుదుటి నుంచి నోటు పీకిన మనిషిని నేనింతవరకు చూడలేదు మావా," అన్నాడు రాసిమ్.

"ఊదింది నేను కాదురా!"

"మరి నుదురెందుకు అరువిచ్చావు?"

జనం మూగారు. సగంమంది నోటు పాటదన్నారు, సగంమంది నుదురుదన్నారు. ఇంత జనం ఉండి తీర్పు చెప్పేవాడు లేకపోవడం బ్లగోయే భరించలేకపోయాడు. మేజోళ్ల పెట్టె బోర్లించి ఎక్కాడు.

"వినండర్రా! పాటకని తడిపి అంటించిన నోటు పాటది. నుదురు ఎవరిదన్నది లెక్కలోకి రాదు. పాట ఎవరిది? మా వదినది. కాబట్టి నోటు వదినది. ఇక, ఏమీ కొనకుండా వ్యాపారికి ఎవడైనా ఊరికే డబ్బిస్తాడా? ఇవ్వడు. అంటే అది బయానా. బయానా పడితే బేరం అయిపోయినట్టే. మా అయ్య మీద ఒట్టు, ఇదే ఈ సంత చట్టం!"

అలాంటి చట్టం అంతకుముందు ఎవరూ వినలేదు, కానీ విన్నవాళ్లందరికీ నచ్చింది. తన పందేనికి తనే గండి కొట్టుకుంటున్నానని బ్లగోయేకి చివరి మాట దగ్గర తట్టింది. అప్పటికి జనం చప్పట్లు కొట్టేశారు. గ్లిగోరియే సణుగుతూ, లెక్కపెట్టి, మళ్లీ లెక్కపెట్టి పద్నాలుగు వందలు ఇచ్చి, బూడిదరంగు ప్లేయరు చెవులకి తగిలించుకుని వెళ్లాడు. స్తమెనా బోణీ నోటుని మిగతా పదకొండిటికీ ఒక్కొక్కదానికీ తాకించి, బుగ్గకి రాసుకుంది. ఇంకా తడిగానే ఉంది.

తరవాత ఆమె చేసిందల్లా కూర్చుని వినడమే. గ్లిగోరియే వరస వరసా తిరుగుతున్నాడు. ఎదురైన ప్రతివాడినీ "ఏం వియ్యంకుడా, బాగున్నావా!" అని అంత దూరం నుంచే పలకరిస్తున్నాడు. ఏమయింది ఈయనకి అని వాళ్లు అడుగుతున్నారు, అతనికి వినపడక పాట గురించే చెబుతున్నాడు. లౌడ్‌స్పీకరుకి కరెంటు కావాలి. గ్లిగోరియేకి అదీ అక్కర్లేదు. పైగా, అంత పిసినారి జేబు విప్పాడంటే అందులో ఏదో ఉండే ఉంటుందని జనం తమలో తామే లెక్కేసుకున్నారు.

పదకొండున్నరకి బస్సు డ్రైవరు ఒకటి కొన్నాడు. తరవాత చర్చి పూజారిగారి భార్య వచ్చింది. ప్రసంగం ఆయన ఇంట్లో గట్టిగా సాధన చేస్తున్నంతసేపూ ఇది పెట్టుకోవచ్చా, తల మీద గుడ్డ కట్టుకుంటే తీగ కనపడుతుందా అని రెండే ప్రశ్నలు అడిగింది. కనపడదంది స్తమెనా. ఆవిడా ఒకటి కొంది. పల్లె నుంచి వచ్చిన అక్కచెల్లెళ్లు ఇద్దరూ కలిసి ఒకటి కొన్నారు, చెరో చెవిలో చెరొకటి పెట్టుకుని ఇరవై అడుగులు నడిచారు. ఒకతి తేనె దగ్గర ఆగింది, రెండోది ఆగలేదు. చెవులు రుద్దుకుంటూ వచ్చి ఇంకోటి కొన్నారు. మధ్యాహ్నం ఒంటిగంటకి లెక్క అయిదు.

అక్కడే ఆగింది. పల్లెల బస్సులు కదలడం మొదలైంది. చివరి మిరపకాయల పొయ్యి మీద నీళ్లు చల్లారు. బ్లగోయే మొహంలో వెలుగు తిరిగొచ్చింది. పొడుగాటి ఉన్ని మేజోడు ఒకటి తీసి, స్తమెనా బల్లని దాంతో కొలవడం మొదలుపెట్టాడు.

"మూడున్నర మేజోళ్లు. ఇక్కడ పిల్లలవి పెడతా. ఇక్కడ పొట్టివి. నువ్వు ఆ మూల సర్దుకో వదినా, నీ పుల్లల డబ్బాలకి అంత చోటు చాలు."

"తొందరపడకు. ఇంకా అరగంట ఉంది."

"ఉండనీ." ఇటూ అటూ చూసి గొంతు తగ్గించాడు. "రెండు దాటాక ఒకటి కొంటాలే, బాధపడకు. పెరూనికాకి మోకాళ్ల నొప్పులు, ఇంట్లో ఒక్కతే కూర్చుని అల్లుతుంది. రెండు దాటాక మాత్రమే సుమా."

స్తమెనా అతని వంక చూసింది. కొనే కోరిక ఉంది. కొనే డబ్బుంది. మధ్యలో ఉన్నది గడియారం ఒక్కటే. ఇలాంటి కొనుగోలుదారుని ఆమె ముప్పై ఏళ్లలో చాలామందిని చూసింది.

రెండుకి పది నిమిషాలుండగా నల్ల ప్లేయరు చేతిలోకి తీసుకుంది. చెవిలో పెట్టుకుంది, మొహం చిట్లించింది, తీసింది, మళ్లీ పెట్టుకుంది.

"ఏంటి వదినా?" అన్నాడు బ్లగోయే ఆశగా.

"దీన్లో ఏదో తేడా ఉంది మరిదీ. మిగతావాటిలా లేదు."

"నేను చెప్పలా? ఇలా తే. పాడైన సరుకా కాదా నలుగురి ముందూ చెప్తా."

ఆమె అబద్ధమాడలేదు. అది మిగతావాటిలా లేదు.

బ్లగోయే బిరడాలు రెండూ చెవుల్లో దోపుకున్నాడు. ముందు గాలి హోరు. "గరగరమంటోంది!" అని గెలిచినవాడిలా అరిచాడు. తరవాత నోరు తెరుచుకునే ఉండిపోయింది. ఆ టేపు పట్టింది స్తమెనాయే, ఆమెకి ప్రతి చప్పుడూ కంఠతా వచ్చు. బయట ఒక్క ముక్క వినపడకపోయినా, అతని మొహం చూస్తూ ఎక్కడిదాకా వచ్చిందో చెప్పగలదు. ఇప్పుడు కుర్చీలు జరిపారు. ఇప్పుడు స్రెతెన్ నవ్వాడు. ఇప్పుడు బాకాలు ఎత్తుకున్నాయి. ఇప్పుడు ఇరవై నాలుగేళ్ల కుర్రాడొకడు మేళం ముందుకొచ్చి...

"ఇంకోసారి!" అని అరిచాడు బ్లగోయే, లోపలివాడితో పాటు. "పొద్దు పొడిచేదాకా ఆపొద్దు!"

కుడికాలు దానంతటదే కదిలింది. లోపల పెళ్లికూతురు ఏదో అంది.

"చొక్కా చిరిగింది, కూచోమంటోంది!" అని ఊరందరికీ చెప్పాడు, నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ. చెయ్యి నడుముకి కట్టుకున్న గుడ్డ జేబులోకి పోయింది. మేజోళ్లమ్మిన నోట్లలోంచి ఒకటి పైకొచ్చింది, నాలుకకి తాకింది. బాకా వాయించేవాడి కోసం అతను వెతకను కూడా లేదు. టప్‌మని నుదుటికి అంటింది.

స్తమెనా గడియారం వంక చూసింది. నోరు విప్పింది రాసిమ్.

"బ్లగోయే అన్నా, నుదుటి మీద ఏదో పడినట్టుంది చూసుకో."

బ్లగోయే ఒక బిరడా తీసి తడుముకున్నాడు. మొహం మారింది.

"ఇదా... చెమట తుడుచుకుంటున్నా."

"వంద దినార్లతోనా?"

"నా నుదురు, నా నోటు! నీకేంటి?"

"నుదురు ఎవరిదన్నది లెక్కలోకి రాదు," అన్నాడు రాసిమ్ అచ్చం అతని గొంతుతో, బురెక్ పళ్లెం మీద ఒక కాలు పెట్టబోయినట్టు నటిస్తూ. వరసంతా అందుకుంది: పాటకని తడిపిన నోటు పాటది! బయానా పడితే బేరం అయిపోయినట్టే! సంత చివర్నుంచి గ్లిగోరియే పరిగెత్తుకొచ్చాడు. ఏం జరిగిందో వినలేదు, నుదుటి మీద నోటు చూశాడు, అది చాలు.

"తీర్పు! తీర్పు!" అని గొంతు చించుకున్నాడు. "వీడి అయ్య మీద ఒట్టు!"

రెండుకి ఇంకా నాలుగు నిమిషాలున్నాయి. స్తమెనా చెయ్యెత్తి అందరినీ ఆపింది.

"ఇష్టం లేకపోతే నోటు తీసేసుకో మరిదీ. ఆ ప్లేయరు ఇటిచ్చెయ్యి. సగం బల్ల నీదే, నేనేమీ అనుకోను."

బ్లగోయే నోటు పీకాడు. ఒక చేతిలో నోటు, ఒక చేతిలో ప్లేయరు పట్టుకుని నిలబడ్డాడు. ఒక చెవిలో పాట ఇంకా నడుస్తూనే ఉంది.

"ఇది మళ్లీ మళ్లీ వస్తుందా వదినా?"

"నొక్కిన ప్రతిసారీ."

"పెరూనికా గొంతు కూడా?"

"చొక్కా చిరిగిందన్న ముక్కతో సహా."

"స్రెతెన్ నవ్వు?"

"అదీ." ఆ మాట అనేటప్పుడు ఆమె ప్లేయర్ల డబ్బా మూత సర్దుకుంది. "ఇంకో కాపీ నా దగ్గరుందిలే."

బ్లగోయే ఆ వందకి పద్నాలుగు వందలు కలిపి బల్ల మీద పెట్టాడు.

"ముందే చెప్పొచ్చుగా పొద్దున్నే, ఇందులో ఏముందో?"

"పెట్టుకుని చూడు అన్నాను. సీసానా అన్నావు."

వరస మళ్లీ ఒక చివర నుంచి ఇంకో చివరికి నవ్వింది. స్తమెనా బ్యాటరీ ఒకటి ఉచితంగా ఇచ్చింది, ఇంకోటి అడిగితే ఇవ్వలేదు.

పందెం ప్రకారం అప్పటికప్పుడే మొదలుపెడతానని బ్లగోయే పట్టుబట్టాడు. బిరడాలు రెండూ చెవుల్లో ఉన్నాయి కనక ఎంత గట్టిగా అరుస్తున్నాడో అతనికి తెలియలేదు. "అయిదు జతలు వంద! పెళ్లి మేళం జేబులో, పదిహేను వందలే!" అన్న కేక బస్సుస్టాండు దాకా పోయింది, ఎక్కినవాళ్లు ఇద్దరు దిగి ఇటు చూశారు.

స్తమెనా బల్ల కిందికి వంగింది. లౌడ్‌స్పీకరు ఉన్న చోట నాలుగు చెక్కల గుర్తులు, మధ్యలో దుమ్ము. కాసేపు చూసి, పక్క బల్ల మీంచి పొర్లుతున్న మేజోళ్ల బస్తా ఒకటి లాగి అక్కడ తోసింది. సరిగ్గా పట్టింది.

బ్లగోయే కేక ఆపి వంగి చూశాడు. "అదేంటి వదినా, పందెం ఓడింది నేను కదా?"

"బల్ల మీద అంగుళం ఇవ్వను. ఇది బల్ల కింద."

"ఏంటీ?" అన్నాడు అతను, చెవుల్లో బిరడాలతో.

"అక్కడ ఎప్పుడూ అరిచేదే ఉండేది అంటున్నా! కేకెయ్యి!"

"అవును, చాలా బాగుంది!" అన్నాడు బ్లగోయే.